సరుకుల పట్టీ పలికిన సాక్ష్యం: ఎల్డర్ డెంప్‌స్టర్ ఓడల కంపెనీ, పశ్చిమాఫ్రికా మిషన్ చరిత్ర

ఉపోద్ఘాతం

మిషనరీల జీవిత చరిత్రలన్నిటిలోనూ ఒక వాక్యం తప్పక కనిపిస్తుంది. ఫలానా సంవత్సరంలో ఫలానా రేవులో ఓడ ఎక్కి, ఇన్ని వారాలకు తన సేవా క్షేత్రానికి చేరుకున్నాడని అందులో ఉంటుంది. ఆ తరువాత కథ క్షేత్రంలోకి వెళ్లిపోతుంది. ఆ ఓడ ఎవరిది? దాని అడుగు అరల్లో ఏ సరుకు ఉంది? తిరుగు ప్రయాణంలో అది ఏమి మోసుకుపోయింది? ఈ ప్రశ్నలు సాధారణంగా మిషన్ చరిత్రకారులు అడగరు. అవి వర్తక చరిత్రకు సంబంధించినవని వదిలివేస్తారు.

కాని పశ్చిమాఫ్రికా విషయంలో ఈ ప్రశ్నలను వదిలివేస్తే సంఘ చరిత్రలో ఒక ముఖ్యమైన అధ్యాయం అర్థం కాదు. లివర్‌పూల్ కేంద్రంగా పనిచేసిన ఎల్డర్ డెంప్‌స్టర్ ఓడల కంపెనీ దాదాపు నూరేళ్లపాటు మిషనరీలను, వర్తకులను, ప్రభుత్వోద్యోగులను, ఉత్తరాలను, సరుకులను బ్రిటన్‌కూ పశ్చిమాఫ్రికాకూ మధ్య చేరవేసింది. బైబిళ్లు వెళ్లిన ఓడల్లోనే మద్యం పీపాలూ వెళ్లాయి. ఇదే కంపెనీ కాంగో దేశపు ఓడ వ్యాపారాన్ని నడిపినప్పుడు తుపాకులూ తూటాలూ వెళ్లాయి. చివరకు ఆ దేశంలో జరుగుతున్న ఘోరాన్ని లెక్కల ద్వారా లోకానికి రుజువు చేసినవాడు ఈ కంపెనీ కార్యాలయంలోని ఒక గుమాస్తాయే. ఈ వ్యాసంలో ఆ కంపెనీ చరిత్రను క్లుప్తంగా పరిశీలించి, మిషన్ పనిని మోసే వాహనాల విషయంలో సంఘానికి ఏ బాధ్యత ఉందో ఆలోచిద్దాం.

1. బానిస ఓడల రేవు నుండి పామాయిలు రేవు వరకు

18వ శతాబ్దంలో లివర్‌పూల్ బ్రిటన్‌లోని బానిస వ్యాపారానికి ప్రధాన రేవు. 1807లో బ్రిటిష్ పార్లమెంటు బానిస వ్యాపారాన్ని నిషేధించింది. అప్పటికే పశ్చిమాఫ్రికా తీరంతో పరిచయమున్న లివర్‌పూల్ వర్తకులు క్రమంగా పామాయిలు వైపు మళ్లారు. సబ్బుల తయారీకి, కొవ్వొత్తులకు, యంత్రాల కందెనకు ఆ నూనె అవసరమైంది. ఒకప్పుడు మనుషులను కొన్న నైజర్ నది ముఖద్వారాల్లోనే ఇప్పుడు నూనె పీపాలను కొనసాగారు.

ఈ మార్పును నిజాయితీగా నమ్మినవారిలో మెక్‌గ్రెగర్ లెయిర్డ్ ఒకడు. ఆయనది లివర్‌పూల్‌కు ఎదురుగా ఉన్న బర్కెన్‌హెడ్‌లో ఓడలు నిర్మించే కుటుంబం. న్యాయమైన వర్తకం పెరిగితే బానిస వ్యాపారం దానంతట అదే ఆగిపోతుందని ఆయన విశ్వసించాడు. 1832లో రెండు ఆవిరి ఓడలతో నైజర్ నదిలోకి వెళ్లిన యాత్రలో ఆయన స్వయంగా పాల్గొన్నాడు. అందులో వెళ్లిన 48 మంది ఐరోపావారిలో ప్రాణాలతో తిరిగివచ్చినవారు 9 మందే. మిగిలిన వారిలో ఎక్కువ మందిని జ్వరం బలిగొన్నది. లెయిర్డ్ ఆరోగ్యం మళ్లీ పూర్తిగా కోలుకోలేదు.

అయినా ఆయన ప్రయత్నం మానలేదు. 1852లో రాజ శాసనం పొంది ఆఫ్రికన్ స్టీమ్ షిప్ కంపెనీని స్థాపించాడు. ప్రభుత్వం తపాలా కాంట్రాక్టు ఇచ్చింది. తెరచాప ఓడలు గాలికోసం ఎదురుచూస్తూ నెలల తరబడి చేసే ప్రయాణాన్ని ఆవిరి ఓడలు కొన్ని వారాలకు తగ్గించాయి. అంతకంటే ముఖ్యంగా, ఓడ ఎప్పుడు వస్తుందో ముందుగా తెలిసే రోజులు వచ్చాయి. మిషన్ సంస్థలకు ఇది ఎంత మేలో గ్రహించడం కష్టం కాదు. ఉత్తరాలు, జీతాలు, మందులు, అచ్చు కాగితం క్రమంగా అందసాగాయి. రోగియైన మిషనరీ ఇంటికి తిరిగివెళ్లే మార్గం ఏర్పడింది.

1854లో లెయిర్డ్ సిద్ధం చేసిన ప్లీయాడ్ అనే ఓడ నైజర్, బెనూయే నదుల్లో దాదాపు నాలుగు నెలలు ప్రయాణించింది. దాని నాయకుడు వైద్యుడైన విలియం బాల్ఫర్ బెయికీ తన మనుషులకు క్రమం తప్పకుండా కొయినా ఇప్పించాడు. ఈసారి ఒక్కరు కూడా జ్వరంతో చనిపోలేదు. ఆఫ్రికా లోపలి భాగాలు వర్తకులకూ, మిషనరీలకూ, ఆ తరువాత సైన్యాలకూ తెరుచుకోవడానికి ఈ ఒక్క ప్రయాణం మార్గం చూపింది.

ఆ ఓడలో శామ్యూల్ అజయి క్రౌథర్ ఉన్నాడు. ఈయన యోరుబా జాతివాడు. 1821లో బాలుడుగా బందీయై, చేతులు మారి, చివరకు పోర్చుగీసు బానిస ఓడలో సరుకుగా ఎక్కించబడ్డాడు. 1822లో బ్రిటిష్ నౌకాదళం ఆ ఓడను పట్టుకుని అతన్ని ఫ్రీటౌన్‌లో దించింది. 1843లో అభిషేకం పొంది, 1864లో ఆంగ్లికన్ సంఘపు మొదటి ఆఫ్రికా బిషప్పు అయ్యాడు. ఓడ చరిత్రను క్రౌథర్ కంటే బాగా ఎరిగినవాడు లేడు. మొదటి ఓడ పట్టీలో ఆయన ఒక వస్తువు. ముప్పై రెండు ఏళ్ల తరువాత ఎక్కిన ఓడలో ఆయన ఒక దైవజనుడు. న్యాయమైన వర్తకం బానిసత్వాన్ని తొలగిస్తుందన్న ఆనాటి నిరీక్షణ ఎంత బలంగా ఉండేదో ఆయన జీవితాన్ని బట్టి అర్థమవుతుంది. ఆ నిరీక్షణలోని లోపాన్ని తరువాతి తరం చూడవలసి వచ్చింది.

2. ఎల్డర్, డెంప్‌స్టర్, జోన్స్

1868లో గ్లాస్గో వర్తకులు బ్రిటిష్ అండ్ ఆఫ్రికన్ స్టీమ్ నావిగేషన్ కంపెనీ అనే పోటీ సంస్థను ప్రారంభించారు. లివర్‌పూల్‌లో దాని ఏజెంట్లుగా అలెగ్జాండర్ ఎల్డర్, జాన్ డెంప్‌స్టర్ అనే ఇద్దరు స్కాట్లండువారు కార్యాలయం తెరిచారు. వారి పేర్ల మీద ఏర్పడినదే ఎల్డర్ డెంప్‌స్టర్ కంపెనీ. ఆరంభంలో అది ఏజెంట్ల సంస్థే కాని ఓడల యజమాని కాదు.

దానిని మహా సంస్థగా మార్చినవాడు ఆల్‌ఫ్రెడ్ లూయిస్ జోన్స్. 1845లో వేల్స్‌లోని కార్మార్థెన్‌లో పుట్టిన ఈయన చిన్నతనంలోనే లివర్‌పూల్‌లో ఓడల ఏజెంట్ల కార్యాలయంలో పనికి చేరాడు. 1879లో ఎల్డర్ డెంప్‌స్టర్‌లో చిన్న వాటాదారుగా చేరి, 1884 నాటికి యజమానులిద్దరినీ తప్పుకునేలా చేసి తానే పెత్తనం వహించాడు. 1891లో లెయిర్డ్ స్థాపించిన పాత కంపెనీ నిర్వహణ కూడా ఆయన చేతికి వచ్చింది. ఈ విధంగా పశ్చిమాఫ్రికాకు వెళ్లే బ్రిటిష్ ఓడలన్నీ ఆచరణలో ఒకే వ్యక్తి అధీనంలోకి వచ్చాయి.

మిగిలిన పోటీదారు హాంబర్గుకు చెందిన వోర్మన్ కంపెనీ. 1895లో జోన్స్ వారితో ఒడంబడిక చేసుకున్నాడు. దాని పద్ధతి గమనించదగినది. సరుకు పంపే ప్రతి వర్తకుడి దగ్గర కిరాయి మీద అదనంగా 10 శాతం వసూలు చేస్తారు. నిర్ణీత కాలమంతా ఈ రెండు కంపెనీల ఓడలలోనే సరుకు పంపినవారికి ఆ సొమ్మును కొన్ని నెలల తరువాత తిరిగి ఇస్తారు. మధ్యలో ఒక్కసారి వేరే ఓడను వాడుకుంటే అంతవరకు పేరుకున్న సొమ్మంతా పోయినట్లే. ఈ కట్టుబాటును దాటి వెళ్లే ధైర్యం ఏ వర్తకుడికీ లేకపోయింది. 1894లో స్థాపితమైన బ్యాంక్ ఆఫ్ బ్రిటిష్ వెస్ట్ ఆఫ్రికా వెనుక ఉన్నదీ జోన్సే. వెండి నాణేలను ఆ తీరానికి తీసుకురావడమూ ఆ బ్యాంకు చేతిలోనే ఉండేది. ఓడలు, రేవు పడవలు, బొగ్గు, బ్యాంకు అన్నీ ఒకరివే అయినప్పుడు ఆ తీరంలో ఆయనను కాదని బ్రతకడం ఎవరికైనా కష్టమే. మిషన్ సంస్థలకు కూడా వేరే దారి లేదు.

3. ఒకే ఓడలో

1876 ఆగస్టు 5న మేరీ స్లెస్సర్ అనే స్కాట్లండు మిల్లు కార్మికురాలు లివర్‌పూల్‌లో ఇథియోపియా అనే ఓడ ఎక్కింది. ఆమె వెళ్లేది కలబార్ మిషన్‌కు. రేవులో ఆమె చూసిన దృశ్యాన్ని ఆమె జీవిత చరిత్రకారులు నమోదు చేశారు. పీపాల కొద్దీ రమ్ము ఆ ఓడలోకి ఎక్కుతున్నది. అంత మద్యానికి ఒక్క మిషనరీనా అని ఆమె బాధపడింది. ఆమె తరువాత దాదాపు నలభై ఏళ్లు కలబార్ ప్రాంతంలో సేవచేసి 1915లో అక్కడే కన్నుమూసింది. ఆ తీరానికి మద్యం దిగుమతిని గురించి ఆఫ్రికా క్రైస్తవ నాయకులూ, మిషనరీలూ ఎన్నో ఏళ్లు ఆందోళన చేశారు.

ఆ ప్రయాణం ఎలా ఉండేదో కూడా తెలుసుకోవాలి. ఓడ కానరీ దీవుల వద్ద ఆగి, ఫ్రీటౌన్ చేరేది. అక్కడ క్రూ జాతివారైన పనివారు ఎక్కేవారు. తీరంలో చాలాచోట్ల రేవులు లేవు. ఓడ సముద్రంలోనే లంగరు వేస్తే, క్రూవారు పెద్ద కెరటాల మధ్య పడవలు నడిపి సరుకునూ మనుషులనూ ఒడ్డుకు చేర్చేవారు. ప్రయాణికులను ఒక చెక్క పెట్టెలో కూర్చోబెట్టి ఓడ మీది యంత్రంతో పడవలోకి దించేవారు. గోల్డ్ కోస్టులో టకొరాడి రేవు 1928లో తెరిచే వరకు పెద్ద ఓడలు ఆనుకునే రేవే లేదు. ఆ పడవల్లో ప్రాణాలకు తెగించి పనిచేసినవారి పేర్లు మిషన్ చరిత్రలలో కనిపించవు. వారిలో ఎందరో సువార్తికులను ఒడ్డుకు చేర్చినవారే. ఇరవయ్యో శతాబ్దంలో కూడా ఇదే కంపెనీ ఓడలలో పనిచేసిన పశ్చిమాఫ్రికా నావికులకు తెల్లవారికంటే తక్కువ జీతమే ఇచ్చేవారు.

మిషనరీ ఒక టికెట్టు కొని ఓడ ఎక్కినంత మాత్రాన ఆ ఓడలోని మద్యానికి అతడు బాధ్యుడా? కాదనే మనం సహజంగా అంటాం. మేరీ స్లెస్సర్‌కు వేరే ఓడ లేదు. కాని ఆమె ఒక పని చేసింది. ఓడలోకి ఏమి ఎక్కుతున్నదో చూసింది, చూసినదాన్ని చెప్పింది. కాంగో విషయానికి వచ్చేసరికి ఈ చూడడం, చెప్పడం అనేవే ప్రాణాధారమైన విషయాలు అయ్యాయి.

4. లెక్కల పుస్తకంలో కాంగో

1885 నుండి కాంగో స్వేచ్ఛా రాజ్యం బెల్జియం రాజైన రెండవ లియోపోల్డ్ సొంత ఆస్తిగా ఉండేది. బానిస వ్యాపారాన్ని అణచివేయడానికి, నాగరికతను, క్రైస్తవ మిషన్లను ప్రోత్సహించడానికి తాను ఆ దేశాన్ని స్వీకరించానని ఆయన ప్రకటించాడు. ఐరోపాలోని చాలామంది క్రైస్తవులు ఆయనను దాతగా కొనియాడారు.

1888లో డన్‌లప్ గాలి టైరును కనుగొన్న తరువాత రబ్బరుకు గిరాకీ విపరీతంగా పెరిగింది. కాంగో అడవుల్లో రబ్బరు తీగలు దండిగా ఉన్నాయి. 1895 నుండి ఆంట్వెర్ప్ రేవుకూ కాంగోకూ మధ్య ఓడలు నడిపే బెల్జియన్ కంపెనీలో జోన్స్‌కు ముఖ్యమైన భాగం ఉంది. దాని ఓడల నిర్వహణ ఎల్డర్ డెంప్‌స్టర్ చూసుకునేది. లివర్‌పూల్‌లో కాంగో రాజ్యపు గౌరవ కాన్సల్ కూడా జోన్సే. 1898లో మతాది నుండి పై కాంగో వరకు రైలు మార్గం పూర్తయిన తరువాత రబ్బరు, ఏనుగు దంతం ఓడల్లోకి వేగంగా రాసాగాయి.

ఈ కంపెనీలో 1890ల ఆరంభంలో ఎడ్మండ్ డీన్ మోరెల్ అనే యువకుడు గుమాస్తాగా చేరాడు. 1873లో పారిస్‌లో ఫ్రెంచి తండ్రికి, ఆంగ్ల తల్లికి పుట్టినవాడు. ఫ్రెంచి బాగా రావడం వలన కాంగో విభాగపు పని అతనికి అప్పగించారు. తరచుగా ఆంట్వెర్ప్‌కు వెళ్లి ఓడలకు ఎక్కే, దిగే సరుకులను పరిశీలించడం అతని ఉద్యోగం. అతడు ఉద్యమకారుడు కాడు. అంతకు ముందు కాంగో రాజ్యాన్ని సమర్థిస్తూ పత్రికలకు వ్యాసాలు కూడా వ్రాసినవాడు.

అతనికి కనిపించినవి అంకెలు మాత్రమే. కాంగో నుండి వచ్చే ఓడలు నిండా రబ్బరుతో, దంతంతో దిగుతున్నాయి. తిరిగి వెళ్లే ఓడల్లో ముఖ్యంగా ఉన్నవి సైన్యాధికారులు, తుపాకులు, తూటాలు. వర్తకం అంటే ఇచ్చిపుచ్చుకోవడం. రబ్బరు తెచ్చిన ప్రజలకు బదులుగా గుడ్డలో, పనిముట్లో, ఉప్పో వెళ్లాలి కదా. అవి దాదాపు కనబడటం లేదు. డబ్బు చెల్లిస్తున్నారా అంటే, ఆ ప్రజలకు డబ్బు అందడమే లేదు. మరి ఆ జనం ఇంత రబ్బరు ఎందుకు సేకరించి ఇస్తున్నారు? ఈ ప్రశ్నకు తుపాకుల పెట్టెలే జవాబు అని అతడు గ్రహించాడు. ఒక్కసారి కూడా కాంగోలో అడుగుపెట్టకుండానే, రేవు మీద నిలబడి, అక్కడ జరుగుతున్నది బలవంతపు దాస్యమని నిర్ధారించుకున్నాడు.

మోరెల్ ఈ విషయాన్ని జోన్స్ ముందు పెట్టాడు. రాజు సంస్కరణలు చేస్తానని మాట ఇచ్చాడనేదే అతనికి దొరికిన సమాధానం. తరువాత విదేశంలో మంచి పదవి, ఆ పైన కొద్దిపాటి పనికి జీతం ఇస్తామని ఆశ చూపారు. అతడు ఒప్పుకోలేదు. 1901లో ఉద్యోగం వదిలి, భార్యాబిడ్డల పోషణ భారం ఉండగానే పత్రికా రచనలో దిగాడు. 1903లో వెస్ట్ ఆఫ్రికన్ మెయిల్ అనే సొంత పత్రికను ప్రారంభించాడు.

5. మిషనరీల మాట, మిషనరీల మౌనం

అంకెలు దాస్యాన్ని రుజువు చేయగలవు గాని దాస్యంలో ఉన్నవారి ముఖాలను చూపలేవు. ఆ పని చేయగలిగినవారు లోపలి ప్రాంతాల్లో నివసిస్తున్న మిషనరీలే. ఈ విషయంలో మిషనరీలందరూ ఒకే విధంగా ప్రవర్తించలేదని నిజాయితీగా ఒప్పుకోవాలి.

అందరికంటే ముందుగా నోరు తెరచినవారిలో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ యూనియన్‌కు చెందినవారు ఉన్నారు. నెల్లూరు, ఒంగోలు క్షేత్రాల ద్వారా తెలుగు బాప్టిస్టు సంఘాలు ఏ మిషన్ వలన ఏర్పడ్డాయో, ఆ మిషనే 1884లో కాంగోలోని ఒక పాత మిషన్ పనిని స్వీకరించింది. ఒంగోలులో క్లౌ దొరగారు పనిచేస్తున్న కాలంలోనే ఆయన సహోదర మిషనరీలు కాంగో నది ఒడ్డున ఉన్నారన్న మాట. వారిలో షోబ్లోమ్ అనే స్వీడన్ దేశస్థుడు తన కళ్లెదుట జరిగిన హత్యలను, తెగిన చేతులను గురించి 1896-97లో స్వీడన్‌లోనూ లండన్‌లోనూ బహిరంగపరిచాడు. అమెరికన్ ప్రెస్బిటేరియన్ మిషనరీ విలియం షెపర్డ్ నల్లజాతివాడు. కసాయ్ ప్రాంతంలో 1899లో ఆయన ఒక శిబిరానికి వెళ్లి, నిప్పు మీద ఎండబెడుతున్న 81 కుడి చేతులను స్వయంగా లెక్కపెట్టాడు.

ఈ చేతుల వెనుక కూడా ఒక లెక్క ఉంది. సైనికులకు ఇచ్చిన తూటాలు వేటకో, తిరుగుబాటుకో వృథా కాలేదని అధికారులకు రుజువు కావాలి. కాల్చిన ప్రతి తూటాకు ఒక చేతిని తెచ్చి చూపమనేవారు. తూటా గురి తప్పినా, జంతువు మీద వాడినా, బ్రతికి ఉన్నవారి చేతులే నరికి లెక్క సరిపెట్టేవారు. ఆంట్వెర్ప్‌లో సరుకుల పట్టీకి ఎక్కిన తూటాలు కాంగో పల్లెల్లో ఈ విధంగా లెక్కకు వచ్చాయి.

మరొక ప్రక్కన, కాంగోలో పేరుపొందిన బ్రిటిష్ బాప్టిస్టు మిషన్ చాలాకాలం మౌనం వహించింది. ఆ మిషన్‌లోని జార్జ్ గ్రెన్‌ఫెల్ భక్తుడు, గొప్ప అన్వేషకుడు. ప్రజల రక్షణకోసమని లియోపోల్డ్ 1896లో నియమించిన సంఘంలో ఆయన సభ్యుడు. ఆ సంఘం పేరుకే తప్ప పనికి లేదని ఆయన తెలుసుకునేసరికి ఏళ్లు గడిచాయి. 1903లో కూడా ఆ మిషన్ ప్రతినిధులు రాజుకు కృతజ్ఞతాపత్రం సమర్పించారు. కారణం గ్రహించదగినదే. కొత్త స్టేషన్లకు స్థలం ఇవ్వవలసింది ఆ రాజ్యమే. పన్ను రాయితీలు ఇవ్వవలసిందీ ఆ రాజ్యమే. సువార్తకు తలుపు మూసుకుపోకూడదన్న ఆలోచనతో, ఆ తలుపు వెనుక జరిగేదాన్ని చూడకుండా ఉండిపోయారు. తరువాత ఆ మిషన్ తన వైఖరి మార్చుకున్నదన్నదీ చెప్పాలి.

1903లో బ్రిటిష్ పార్లమెంటు తీర్మానం తరువాత కాన్సల్ రోజర్ కేస్‌మెంట్ విచారణకు బయలుదేరాడు. ఈయన కూడా యౌవనంలో ఎల్డర్ డెంప్‌స్టర్ కార్యాలయంలో గుమాస్తాగా పనిచేసి, 1883లో ఆ కంపెనీ నడిపే బానీ అనే ఓడలో ఉద్యోగిగా ఆఫ్రికాకు వెళ్లినవాడే. ప్రభుత్వ పడవల్లో వెళితే తమకు కావలసినదే చూపుతారని గ్రహించి, అమెరికన్ బాప్టిస్టు మిషన్‌వారి హెన్రీ రీడ్ అనే చిన్న ఆవిరి పడవను అద్దెకు తీసుకున్నాడు. ఎక్కడ ఆగాలో, ఎవరితో మాట్లాడాలో తానే నిర్ణయించుకోగలిగాడు. 1904 ఫిబ్రవరిలో ఆయన నివేదిక వెలువడింది. మార్చిలో లివర్‌పూల్‌లోనే, జోన్స్ కార్యాలయం ఉన్న నగరంలోనే, మోరెల్ కాంగో సంస్కరణ సంఘాన్ని ప్రారంభించాడు. మిషన్ నాయకుడైన డాక్టర్ గ్రాటన్ గిన్నెస్ అతనికి తోడు నిలిచాడు.

అదే సంవత్సరం మే నెలలో బరింగా మిషన్ స్టేషనుకు న్సాలా అనే వ్యక్తి ఒక ఆకుల మూట పట్టుకుని వచ్చాడు. అందులో ఉన్నవి అయిదేళ్ల తన కుమార్తె చెయ్యి, పాదం. అక్కడి మిషనరీ ఆలిస్ సీలీ హారిస్ ఆ తండ్రిని వాటి ఎదుట కూర్చోబెట్టి ఫోటో తీసింది. తరువాత ఆమె, ఆమె భర్త జాన్ హారిస్ ఆ చిత్రాలను తెరమీద చూపుతూ బ్రిటన్‌లోనూ అమెరికాలోనూ చర్చిల్లో, హాళ్లలో వందలాది కూటాలు జరిపారు. గుమాస్తా తెచ్చిన అంకెలు, మిషనరీ తెచ్చిన ఫోటోలు ఒకచోట చేరినప్పుడు రాజుకు జవాబు లేకపోయింది. 1908 నవంబరులో లియోపోల్డ్ చేతినుండి కాంగో బెల్జియం ప్రభుత్వానికి మారింది. దానితో కష్టాలన్నీ తీరలేదు. బలవంతపు పని ఇతర రూపాల్లో కొనసాగింది. అయినా చేతులు నరికిన ఆ పాలన అంతమైంది.

6. జోన్స్‌ను ఎలా అంచనా వేయాలి?

జోన్స్‌ను దుర్మార్గుడిగా చిత్రించి ముగించడం సులభం. చరిత్ర అంత సులభంగా లేదు. 1898లో ఆయన ఏటా 350 పౌన్లు ఇస్తానని ముందుకు రావడంతో లివర్‌పూల్ ఉష్ణమండల వైద్య విద్యాలయం ఏర్పడింది. దానిలో మొదటి ఉపన్యాసకుడుగా చేరినవాడు రొనాల్డ్ రాస్. 1897 ఆగస్టులో మన సికింద్రాబాదులో దోమ కడుపులో మలేరియా క్రిమిని కనుగొన్నవాడు ఆయనే. 1899లో రాస్ ఫ్రీటౌన్ వెళ్లి అక్కడి దోమలను పరిశోధించాడు. 1902లో ఆయనకు నోబెల్ బహుమతి లభించింది. లెయిర్డ్ సహచరులను బలిగొన్న జ్వరానికి కారణం ఈ విధంగా బయటపడింది. ఆ మేలు ఆఫ్రికా ప్రజలకూ, మిషనరీలకూ, మనకూ చెందింది.

అదే జోన్స్ కాంగో రాజ్యాన్ని చివరివరకూ వెనకేసుకొచ్చాడు. ఒకే మనిషి ఒక చేత్తో వైద్య విద్యాలయానికి చందా వ్రాశాడు, మరో చేత్తో తుపాకుల కిరాయి అందుకున్నాడు. ఆయనకు క్రూరత్వమంటే ఇష్టమని చెప్పడానికి ఆధారం లేదు. ఓడల కాంట్రాక్టు పోతే జర్మన్లకు వెళుతుందన్న భయం ఆయనకు ఉంది. ఆ భయం ముందు తన గుమాస్తా చూపిన లెక్కలు ఆయనకు కనిపించలేదు. 1909 డిసెంబరులో ఆయన మరణించాడు. దానం ఇచ్చే చెయ్యి ఎంత ఉదారమైనదైనా, అది సంపాదించిన మార్గాన్ని అడిగే హక్కు పోదని ఈ జీవితం మనకు నేర్పుతుంది. చందాల మీద ఆధారపడే సంఘాలకు, మిషన్లకు ఇది మరీ అవసరమైన పాఠం.

7. కంపెనీ తరువాతి చరిత్ర

1910లో కంపెనీని ఓవెన్ ఫిలిప్స్, లార్డ్ పిర్రీ కొన్నారు. మొదటి ప్రపంచ యుద్ధంలో 1915 మార్చి 28న దాని ప్రయాణికుల ఓడ ఫలాబాను జర్మన్ జలాంతర్గామి ముంచివేసింది. 104 మంది చనిపోయారు. రెండవ ప్రపంచ యుద్ధంలో 1942 అక్టోబరులో అబోసో మునిగినప్పుడు 362 మంది ప్రాణాలు పోయాయి. ఈ ఓడల మీద బ్రతికినవారి, చనిపోయినవారి త్యాగాన్ని మరువకూడదు.

రెండు యుద్ధాల మధ్య మళ్లీ లెక్కల పుస్తకాల సమస్య వచ్చింది. ఓవెన్ ఫిలిప్స్ లార్డ్ కిల్‌శాంట్‌గా ప్రసిద్ధికెక్కి, ఎల్డర్ డెంప్‌స్టర్‌తో పాటు ఎన్నో ఓడల కంపెనీలను రాయల్ మెయిల్ సముదాయంగా కూడగట్టాడు. నష్టాలు వస్తున్న కాలంలో రహస్య నిల్వల సొమ్మును లాభంగా చూపారు. 1931లో విచారణ జరిగింది. 1928 నాటి ప్రకటనలో పెట్టుబడిదారులను తప్పుదారి పట్టించినందుకు కిల్‌శాంట్‌కు పన్నెండు నెలల జైలు శిక్ష పడింది. ఆ సముదాయం కూలిపోయింది. 1932లో ఎల్డర్ డెంప్‌స్టర్ లైన్స్ పేరుతో కంపెనీ మళ్లీ నిలబడింది.

యుద్ధం తరువాత 1951లో దాదాపు 14,000 టన్నుల ఆరియోల్ అనే తెల్లని ఓడ లివర్‌పూల్, లాగోసుల మధ్య నడవడం మొదలుపెట్టింది. ఇప్పుడు ప్రయాణికుల్లో మార్పు వచ్చింది. బ్రిటన్‌లో చదువుకోవడానికి వెళ్లే ఆఫ్రికా విద్యార్థులు ఎక్కువయ్యారు. 1957లో ఘనా, 1960లో నైజీరియా స్వతంత్ర దేశాలయ్యాయి. సొంత ఓడలు ఉండాలని రెండూ కోరుకున్నాయి. 1959లో ఏర్పడిన నైజీరియా జాతీయ ఓడల కంపెనీలో మొదట ఎల్డర్ డెంప్‌స్టర్‌కు వాటా ఉండేది. 1961లో నైజీరియా ఆ వాటాను కొనేసింది.

విమానాలు ప్రయాణికులను, కంటెయినర్ ఓడలు సరుకులను తీసుకుపోయాయి. 1974లో ఆరియోల్ సేవ ఆగిపోయింది. అది జెడ్డాలో వసతి ఓడగా కొంతకాలం ఉండి, చివరకు 2001లో గుజరాత్‌లోని అలంగ్ తీరంలో ముక్కలు చేయబడింది. 1989లో కంపెనీ ఒక ఫ్రెంచి సంస్థకు అమ్ముడుపోయింది.

ముగింపు

ప్రకటన గ్రంథం 18వ అధ్యాయంలో బబులోను పతనాన్ని చూసి ఏడ్చే వర్తకుల సరుకుల జాబితా ఒకటి ఉంది. అది బంగారంతో మొదలై, దంతపు సామాను మీదుగా సాగి, మనుష్యుల ప్రాణాల దగ్గర ముగుస్తుంది. ప్రసంగాల్లో మనం ఆ జాబితాను త్వరగా చదివి దాటిపోతాం. ఎల్డర్ డెంప్‌స్టర్ చరిత్ర తెలిసినవారు అక్కడ కాసేపు ఆగుతారు. ఆ జాబితా చివరి పేరు ఏ సరుకుల పట్టీలోనూ నేరుగా వ్రాసి ఉండదు. మిగిలిన అంకెలను కూడి చూస్తేనే కనిపిస్తుంది.

ఈ చరిత్ర నుండి మూడు విషయాలు గమనించవచ్చు. మొదటిది, సువార్త ఏ వాహనంలో వెళుతుందో దానిని గురించి అడగడం అవిశ్వాసం కాదు, అది సాక్ష్యంలో భాగం. మేరీ స్లెస్సర్ ఓడ ఎక్కడం మానలేదు, చూడడమూ మానలేదు. రెండవది, క్షేత్రంలో తలుపు తెరిచి ఉంచుకోవాలన్న కోరిక మంచిదే అయినా, అది మౌనానికి వెల అయినప్పుడు సంఘం నష్టపోతుంది. బరింగాలోని మిషనరీలు తమ స్టేషను భద్రతకంటే న్సాలా దుఃఖాన్ని ముందు పెట్టారు. ఈనాడు మన సంఘ చరిత్రలో గౌరవం దక్కినది వారికే. మూడవది, దేవుని న్యాయం కోసం పనిచేసేవారు ప్రసంగ వేదిక మీదనే ఉండరు. బల్ల దగ్గర కూర్చుని లెక్కలు చూసే ఒక గుమాస్తా, రెండు అంకెలు పొంతన కుదరడం లేదని నిజాయితీగా ఒప్పుకోవడంతో ఒక రాజు పాలన కదిలింది.

మన సంఘాల్లో గుమాస్తాలు, అకౌంటెంట్లు, రేవుల్లో, గోదాముల్లో, బ్యాంకుల్లో పనిచేసే విశ్వాసులు ఎందరో ఉన్నారు. వారి ముందు రోజూ తెరుచుకునే పుస్తకాలూ దేవుని సన్నిధిలో తెరుచుకునే పుస్తకాలేనని వారికి చెప్పవలసిన బాధ్యత కాపరులది. మన సంస్థల లెక్కల పుస్తకాలు కూడా అదే విధంగా తెరిచి ఉన్నప్పుడే ఆ మాట చెప్పే అర్హత మనకు ఉంటుంది.